ఆ సినిమాల పద్యం ఉంటదా?

రాజమౌళి మహాభారతం తీస్తాడట... ఈ మాట చాలా ఏళ్లుగా వింటున్నాం. అది తన కల అని ఆయనే ఎన్నోసార్లు చెప్పారు. కృష్ణుడెవరు, కర్ణుడెవరు, ఎన్ని భాగాలు, ఎన్ని వందల కోట్లు... కుర్రకారు లెక్కలు కుర్రకారువి. మా ఈడు వాళ్లకు మాత్రం ఒక్కటే అనుమానం. హోటల్ ముందర బల్ల మీద చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు కదుపుతారు.

"అన్నీ మంచిగనే తీస్తడు గని... రాయబారంల పద్యం ఉంటదా?"

నవ్వకండి. ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. 2024లో 'కల్కి 2898 ఏడీ' వచ్చినప్పుడు కామారెడ్డిలో చూశాం. తెర మీద కురుక్షేత్రం కనపడగానే హాలంతా ఈలలు, కాగితం ముక్కలు. నా పక్కన మా బావ మాత్రం తల ఓ పక్కకు వంచి, చెవి నిక్కించుకుని కూర్చున్నాడు. యుద్ధం అయిపోయింది. రథాలు పోయాయి, ఏనుగులు పోయాయి. బావ పెదవి విరిచాడు.

"బాణాలు మస్తుగున్నయి. నోరే లేదు."

నోరంటే పద్యం. తిరుపతి వేంకట కవులు పాండవోద్యోగ విజయాలు రాసి వందేళ్లు దాటింది. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు రాసిన ఆ పద్యాలు అక్షరం ముక్క రాని మనుషులకు కూడా కంఠస్థం. గొడ్లు కాసుకుంటూ పాడేవాళ్లు, బావి దగ్గర మోట కొడుతూ పాడేవాళ్లు. కౌరవ సభలో కృష్ణుడు నిలబడి పద్యం ఎత్తుకున్నాడంటే చివరి పాదం దగ్గర రాగం ఎక్కడిదాకా పోతుందో ఆయనకే తెలియదు. హార్మోనియం వెంట పడుతుంది. జనం ఊపిరి బిగబడతారు. రాగం దిగగానే మూల నుంచి ఓ కేక... "వన్స్‌మోర్!"

ఇంగ్లిషు ఒక్క ముక్క రానివాడికి కూడా ఆ మాట వచ్చు. వన్స్‌మోర్ కొడితే పాడాల్సిందే. చచ్చిపడిపోయిన పాత్ర కూడా లేచి దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేదని హాస్యానికి చెబుతారు. హాస్యమే గానీ అబద్ధమైతే కాదు.

మాది తాడ్వాయి. సమ్మక్క సారలమ్మ జాతరకు పోయే దారిలో వచ్చే తాడ్వాయి కాదు, అది ములుగు దిక్కు. మాది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వలో ఉన్న తాడ్వాయి, శబరిమాత ఆశ్రమం ఉన్న ఊరు. నా చిన్నప్పుడు నిజామాబాద్ జిల్లా. 2016 అక్టోబరు నుంచి కామారెడ్డి జిల్లా. బడిపంతులుగా చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, రిటైరై మళ్లీ ఇక్కడికే చేరాను.

మా దిక్కు పద్యనాటకం తక్కువ, బాగోతం ఎక్కువ. చిందోళ్లు ఏడాదికోసారి వచ్చి ఆడిపోయేవాళ్లు. పొనికి కర్రతో చెక్కిన కిరీటాలు, వాటికి అద్దాల ముక్కలు, మొహానికి అర్దళం, కాళ్లకు గజ్జెలు. మన నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆ కళకే పెద్దదిక్కు. 2005లో ఆమె పోయినప్పుడు పేపర్లు రాశాయి. బతికున్నన్నాళ్లూ ఆమెను ఎన్ని ఊళ్లు నెత్తిన పెట్టుకున్నాయో ఆ వార్తల్లో పట్టలేదు. జనగామ దిక్కు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చిందని తెలిసిన రోజు మా కాక ఊరంతా తిరిగి తనకే వచ్చినట్టు చెప్పుకున్నాడు.

మా కాక సంగతి చెప్పాలి. బాపుకు తమ్ముడు. చిందోళ్లను చూసీ చూసీ మా ఊరివాళ్లు కూడా బాగోతం నేర్చుకున్నారు. చెర్విరాల బాగయ్య గారి యక్షగానాల పుస్తకాలు ఊరూరా చేతులు మారుతుండేవి. పక్క ఊరి నుంచి ఓ పంతులు వచ్చి మూడు నెలలు పశువుల కొట్టంలో నేర్పించేవాడు. పగలంతా నాగలి దున్నిన మనుషులు రాత్రి కందిలి వెలుతురులో అడుగులు వేసేవాళ్లు. అట్లా తయారైందే మా ఊరి 'బాలనాగమ్మ'. అందులో మాయల పకీరు మా కాక.

బాలనాగమ్మ కథ తెలియని వాళ్లకు రెండు ముక్కలు. భిక్షకొచ్చిన మాయల పకీరు రాజు కోడలు బాలనాగమ్మను కుక్కపిల్లగా మార్చి ఎత్తుకుపోతాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. ఆమె కొడుకు బాలవర్ధి పెద్దవాడై పోయి ఆ చిలుకను పట్టి తల్లిని విడిపించుకొస్తాడు. అంతే కథ. అది మా ఊరిలో రాత్రి తొమ్మిదింటికి మొదలై తెల్లారి కోడి కూసేదాకా నడిచేది.

అంతసేపు ఏముంటుంది అంటారా? నడుమ కట్నాలుంటాయి. ఎవరో ఐదు రూపాయల నోటు పకీరు జోలెలో వేస్తారు. బాగోతం ఆగుతుంది. నోటిచ్చినాయన పేరు, ఆయన తండ్రి పేరు దరువులో కలిపి పాడాలి. ముసలమ్మ ఎవరో ఏడుస్తూ లేచి "ఆ పిల్లను ఇడిచిపెట్టురా ముండాకొడకా!" అని పకీరును తిడుతుంది. కాక వేషంలోనే ఆమెకు జవాబు చెప్పి, ఆమెను నవ్వించి, మళ్లీ కథలోకి వస్తాడు. నడిరాత్రి జనం కునికిపాట్లు పడితే దరువు మారుతుంది. వాన వచ్చేటట్టుంటే కథ ఉరుకుతుంది. పుస్తకంలో ఇవేవీ లేవు.

మా కాక ముందు సినిమా మాటెత్తితే ఒకప్పుడు మండిపడేవాడు. అందుకు కారణం ఉంది. దాని కోసం కొంచెం వెనక్కి పోవాలి.

తెలుగు సినిమా పుట్టిందే నాటకం కడుపున. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి నాటకమే. బళ్లారిలో ఉండి తెలుగు నాటకానికి పాటలు, పద్యాలు నేర్పిన ఆయన ఆ సినిమా చూడలేదు. 1912లోనే పోయారు. హెచ్.ఎం.రెడ్డి గారు ఆడేవాళ్లను కూడా రంగస్థలం నుంచే తెచ్చుకున్నారు. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య. నాటకం జరుగుతుండగానే రంగస్థలం మీద పుట్టిందని కమలాబాయి గురించి చెప్పుకుంటారు. అట్లాంటి మనిషి తొలి సినిమాలో కనిపిస్తే నాటకం చూసేవాళ్లు ఎంత సంబరపడి ఉంటారు! మన నాటకం బొంబాయి పోయి బొమ్మై వచ్చింది కదా.

సంబరం వెంటనే అనుమానాలూ మొదలై ఉంటాయి. 1936లో ద్రౌపది కథతో రెండు సినిమాలు పోటీ పడ్డాయి. 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడు సాక్షాత్తూ బళ్లారి రాఘవ. నాటకం తెలిసిన వాళ్లంతా అదే గెలుస్తుందనుకుని ఉంటారు. గెలిచింది రెండోది, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడుగా వేసిన 'ద్రౌపదీ వస్త్రాపహరణం'. రాఘవ గారంతటి నటుడు ఆడినా బొమ్మ ఆడుతుందన్న నమ్మకం లేదని అప్పుడే తేలిపోయింది.

అంతకన్నా నన్ను ఆలోచింపజేసేది స్థానం నరసింహారావు గారి కథ. సత్యభామ వేషం కట్టి రంగస్థలం మీదికి వస్తే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకున్నారంటారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటాయన 1942లో 'సత్యభామ' సినిమాలో నటించారు. నాటకంలో వచ్చిన పేరులో పావలా వంతు కూడా తెర మీద రాలేదు. ఎందుకు రాలేదు? రంగస్థలానికీ జనానికీ నడుమ పది గజాల దూరం ఉంటుంది. ఆ దూరంలోనే ఆయన సత్యభామ బతికింది. కెమెరా ఆ పది గజాలూ దాటి ముక్కు దగ్గరికి వచ్చేసింది.

అయితే ఆయన పాట మాత్రం గెలిచింది. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో తన సత్యభామ కోసం ఆయనే రాసుకున్న పాటను 1966లో రామానాయుడు గారు తీసిన సినిమాలో పెట్టారు. సుశీల గారు పాడారు. జమున గారు అభినయించారు. ఇవాళ పెళ్లి మండపాల్లో కూడా వినిపిస్తుంది. అది నాటకం పాటని చాలామందికి తెలియదు. మనిషిని కెమెరా నమ్మలేదు గానీ పాటను మైకు నమ్మింది. సినిమా మీద ఆశ ఎందుకు పెట్టుకోవాలి అని ఎవరైనా అడిగితే నేను ఈ పాటనే చూపిస్తాను. సినిమా దాన్ని అందుకోకపోతే ఆ పాట ఇవాళ ఏ పాత రికార్డులోనో గరగరలాడుతూ ఉండేది.

'మాయాబజార్' సంగతీ అంతే. 1957లో సినిమా రావడానికి చాలా ముందే సురభి వాళ్లు ఆ కథను తీగల మీద మనుషుల్ని ఎగరేస్తూ ఆడారు. ఘటోత్కచుడి పెళ్లి భోజనం పాట బాణీ కూడా ముందే నాటకాల్లో, గ్రామఫోను రికార్డుల్లో ఉన్నదే. సినిమాలో పాడిన మాధవపెద్ది సత్యం గారూ రంగస్థలం నుంచి వచ్చిన మనిషే. ఇక్కడ ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. కె.వి.రెడ్డి గారు నాటకంలోని మాయను కెమెరా మాయగా మార్చుకున్నారు. ఆయనే 1963లో చిలకమర్తి వారి 'గయోపాఖ్యానం'ను 'శ్రీకృష్ణార్జున యుద్ధము' చేశారు. కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్ అయ్యేసరికి గయుడి గోడు ఎవరికి పట్టింది? ఇద్దరు హీరోల అభిమానులు ఎవరు గెలుస్తారా అని చూశారు. నాటకంలోనూ జనం వచ్చేది ఆ తగువు కోసమే కాబట్టి దాన్ని తప్పు పట్టను.

మరి రాయబారం? 1960లో 'శ్రీకృష్ణ రాయబారం' సినిమా వచ్చింది. కృష్ణుడు ఈలపాట రఘురామయ్య. మా బాపుకు ఆయనంటే ప్రాణం. రంగస్థలం మీద ఎన్నో ఏళ్లు కృష్ణుడు వేసిన మనిషినే సినిమాలోనూ కృష్ణుణ్ని చేశారు. నాటకం చూసేవాళ్లు అంతకన్నా ఏం కోరుకుంటారు? ఎడ్లబండి కట్టుకుని కామారెడ్డి పోయి చూసొచ్చానని బాపు చెప్పేవాడు. "ఎట్లుండె?" అని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "మంచిగనే ఉండె బిడ్డా. గని వన్స్‌మోర్ అంటే ఇనవడది గద!"

ఆపరేటరును బతిమాలి రీలు మళ్లీ వేయించుకున్న ఊళ్లూ ఉన్నాయట. సరే, వేయించుకున్నారు. రెండోసారి కూడా మొదటిసారి లాగే ఉంటుంది. రఘురామయ్య గారు తన జన్మలో ఒక పద్యాన్ని రెండుసార్లు ఒకేలా పాడి ఉండరు. మొదటిసారికి లేని గమకం ఒకటి జనం కేకకు జవాబుగా రెండోసారి పుడుతుంది. వన్స్‌మోర్ అంటే అదే మళ్లీ వినిపించమని కాదు. ఇంకోటి చూపించమని. సినిమాలో ఆ ఇంకోటి లేదు.

నాటకాన్ని ప్రేమించే వాళ్ల భయం ఎప్పుడూ ఇదే. పద్యాలు కోసేస్తారనీ, కథ మార్చేస్తారనీ, తెలియని హీరోను పెడతారనీ పైకి చెబుతాం. అవన్నీ చిన్నవి. అసలు భయం, తీసినది బాగా కుదురుతుందేమోనని! బాగా కుదిరితే ఇక అదే నిలబడిపోతుంది. మిగతావన్నీ తప్పయిపోతాయి.

ఘంటసాల మాస్టారి పద్యం వచ్చాక జరిగింది అదే. నాకు ఆయన పద్యమంటే ఇష్టం. ఎవరికి ఇష్టం లేదు? రాగం సాగదీయకుండా, మాట మాటా వినబడేటట్టు, భావం ముందుంచి పాడటం ఆయన నేర్పిందే. రెండు నిమిషాల్లో పద్యం మనసులో నాటుకుపోతుంది. కానీ ఆ తర్వాత నాటకాల్లో పాడేవాళ్లను జనం ఏమన్నారు? "సినిమాల లెక్క పాడు!" అన్నారు. తాతల నాటి నుంచి పాడుతున్న వాడు కూడా హార్మోనియం పక్కన రేడియో పెట్టుకుని మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

మా ఊరి బాగోతానికీ ఆ దెబ్బ తగిలింది. 1963లో వచ్చిన 'లవకుశ' మా దిక్కు ఆడి ఆడి, తిరిగి తిరిగి మళ్లీ ఆడింది. సి.పుల్లయ్య గారు మొదలుపెడితే ఆయన కొడుకు సి.ఎస్.రావు గారు పూర్తి చేసిన రంగుల బొమ్మ. ఇదే పుల్లయ్య గారు 1934లోనూ లవకుశ తీశారు. జెమినీ వాళ్లకు 1942లో 'బాలనాగమ్మ' తీసిందీ ఆయనే. కాంచనమాల బాలనాగమ్మ. గోవిందరాజుల సుబ్బారావు గారి మాయల మరాఠీని చూసి పిల్లలు జడుసుకున్నారని పెద్దలు చెబుతారు. మా ఊర్లో మాయల పకీరు, సినిమాలో మాయల మరాఠీ. 1959లో ఎన్టీఆర్, అంజలీదేవితో మళ్లీ తీశారు. మా కాక బాగోతం మొదలుపెట్టే నాటికే బాలనాగమ్మ రెండుసార్లు సినిమా అయిపోయిందన్న మాట!

ఓ రాత్రి నాకు బాగా గుర్తు. నేను పదో తరగతిలో ఉన్నాను. కాక పకీరు వేషంలో దరువు ఎత్తుకున్నాడు. వెనక నుంచి పట్నం కాలేజీలో చదువుకునే పిల్లలు అరిచారు. "గదేం పాట? సినిమా పాట కొట్టు!" హార్మోనియం వాయించేటాయన జనం మాట కాదనలేక అప్పటి సినిమా పాట ఒకటి అందుకున్నాడు. బాలనాగమ్మ వేషం కట్టినాయన దానికే అడుగులేశాడు. చప్పట్లే చప్పట్లు. కాక రంగస్థలం మీదనే నిలబడి ఆ పాట అయ్యేదాకా గడ్డం సర్దుకున్నాడు. తర్వాత తన దరువు మొదటి నుంచి పాడాడు. ఎవరూ వన్స్‌మోర్ అనలేదు. ఆ ఏటి తర్వాత నాలుగేళ్లు ఆడారు గానీ ఊరిలో టీవీ వచ్చాక పూర్తిగా బంద్ అయింది.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఈ సంగతులన్నీ దానికి పురాణం కింద లెక్క అనుకునేవాణ్ని. 2024 నవంబరులో ఫోన్ చేసి, "బాపూ, నాకిప్పుడు నీ బాధ తెలుస్తుంది" అంది. న్యూయార్క్ బ్రాడ్‌వేలో 2003 నుంచి 'వికెడ్' అని ఓ పాటల నాటకం ఆడుతున్నారట. ఇది మూడుసార్లు చూసింది. దాన్ని సినిమా తీశారు. టికెట్ కొనుక్కుని కూడా హాల్లోకి పోవాలంటే భయంగా ఉందంటుంది! ఆ భయం నాకు కొత్తదా?

అక్కడా ఇవే గొడవలు. 'మై ఫెయిర్ లేడీ' నాటకంలో జూలీ ఆండ్రూస్ పాటలు పాడి పేరు తెచ్చుకుంటే, 1964లో సినిమాకు ఆమెను కాదని ఆడ్రీ హెప్‌బర్న్‌ను పెట్టుకున్నారు. పాటలు చాలావరకు ఇంకొకామె గొంతుతో పాడించారు. మనకు ప్లేబ్యాక్ అలవాటు కాబట్టి వింతనిపించదు గానీ అక్కడి నాటకాభిమానులు ఆ సంగతిని ఇప్పటికీ మరిచిపోలేదు. జూలీ ఆండ్రూస్‌కు అదే ఏడాది వచ్చిన ఇంకో సినిమాకు ఆస్కార్ వచ్చింది. 2012లో 'లే మిజరాబ్ల్' తీసినప్పుడు నటులు కెమెరా ముందే పాడారు. 2019లో 'క్యాట్స్' తీస్తే, మనుషులకు కంప్యూటర్‌తో పిల్లి బొచ్చు అతికించిన ఆ బొమ్మను చూసి జనం నవ్వారు. ఇక 'వికెడ్' నాటకం విరామంతో కలిపి రెండు గంటల నలభై ఐదు నిమిషాలట. సినిమా మొదటి భాగమే రెండు గంటల నలభై నిమిషాలు. రెండో భాగం 2025లో వచ్చింది. అక్కడ నాటకాన్ని సాగదీస్తారు. మన దగ్గర తెల్లవార్లూ నడిచేదాన్ని కత్తిరించి రెండున్నర గంటల్లో పెడతారు.

సినిమా చూశాక మళ్లీ ఫోన్ చేసింది. బాగుందట. ఏడ్చిందట. "కానీ బాపూ, హాల్లో కొందరు పాటతో పాటు పాడుతుంటే పక్కవాళ్లు నోర్మూసుకోమన్నారు" అంది.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్. కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒక గది. ఎనిమిదేళ్లుగా ఎవరి సినిమాకో క్లాప్ కొడుతున్నాడు. పోయినేడు సంక్రాంతికి వచ్చి, "మామా, నా మొదటి సినిమా కథ దొరికింది. మన ఊరి బాలనాగమ్మనే తీస్తా" అన్నాడు. కొత్తగా రాజుల కోటలు కట్టి కాదట. పశువుల కొట్టంలో నేర్చుకునే రైతుల బాగోతమే కథ, దాని లోపల బాలనాగమ్మ. పాటలన్నీ మా దరువులే.

వీడికి ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2023లో 'బలగం' వచ్చింది. అందులో చివర కొమురమ్మ, మొగిలయ్య కూర్చుని కథ పాడుతుంటే చూసినవాళ్లంతా వెక్కివెక్కి ఏడ్చారు. అన్నదమ్ముల మధ్య మాటలు కలిశాయని పేపర్లో వచ్చింది. ఊళ్లలో తెర కట్టి, జనమంతా ఒక్కచోట నేల మీద కూర్చుని చూశారు. బాగోతం చూసినట్టే! ఆ పాటను ఏ ప్లేబ్యాక్ సింగర్‌తోనో పాడించలేదు. వాద్యాలతో ముంచేయలేదు. ఇంటింటికీ పోయి కథలు చెప్పే మనుషుల్నే తెచ్చి కూర్చోబెట్టారు. డైరెక్టర్ వేణు చేసిన మంచి పనుల్లో అది అన్నిటికన్నా మంచిపని. మొగిలయ్య 2024 డిసెంబరులో పోయాడు. ఆ గొంతు ఉంది.

కాకకు ఇప్పుడు ఎనభై. పకీరు వేషం కట్టిన ఆ గుంపులో మిగిలింది ఇద్దరు. వంత పాడేటాయనకు వినపడదు. మా అల్లుడు పోయి అరుగు మీద కూర్చుని విషయం చెప్పాడు. కాక తిడతాడనే అనుకున్నాను. ఆయన చాలాసేపు బీడీ తాగి, లోపలికి పోయి పొడుగాటి నోటుబుక్కు ఒకటి తెచ్చాడు.

"దీంట్ల మాటుంది. బాణి లేదు. బాణి నా గొంతుల ఉంది. పట్టుకపోతవా?"

"పట్టుకపోతా తాతా. మిషిను తెచ్చిన."

మరుసటి రోజు పొద్దున ఇంటి వెనక చింతచెట్టు కింద రికార్డింగ్. మైకుకు బొచ్చు తొడుగు చూసి మా మనవలు నవ్వారు. కాక మీసం దువ్వుకుని, పకీరు మొదటిసారి బాలనాగమ్మ వాకిట్లో నిలబడి భిక్ష అడిగే దరువు అందుకున్నాడు. ఎనభై ఏళ్ల గొంతు, పై స్థాయిలో కొంచెం జీరపోయింది. అయినా నాకు ఒళ్లు జలదరించింది. అల్లుడు చెవులకు పెట్టుకున్నవి తీసి, "తాతా, కుక్క మొరిగింది, ఇంకొక్కసారి" అన్నాడు.

కాక మళ్లీ పాడాడు. అది వేరే ఉంది. తాళం అదే, మాటలవే, నడక వేరు. అల్లుడు తికమకపడ్డాడు.

"ముందుగాల పాడినట్టు పాడు తాతా."

"అది మొదటిజాము దరువురా. జనం అప్పుడే వచ్చి కూసుంటరు, పిల్లలు అల్లరి జేస్తరు, గట్టిగ ఎత్తుకోవాలె. ఇప్పుడు పాడింది అమాసనాడు ఆడితే పాడేది. చీకట్ల నిమ్మళంగ రావాలె పకీరు."

ఇంకా ఉన్నాయట. చదువుకున్నోళ్లు ముందు వరుసలో ఉంటే ఒకటి. వాన మబ్బు పట్టినప్పుడు ఒకటి. ఎవరింట్లోనైనా చావు జరిగిన ఊరిలో ఆడాల్సి వస్తే పకీరు గజ్జెలు లేకుండా వచ్చే దరువు ఇంకొకటి. అల్లుడు ఐదు దాకా లెక్కపెట్టి ఆపేశాడు.

"తాతా, ఇండ్ల అసలుది ఏది?"

కాక వాడి మొహం వంక చూశాడు. ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో ఆయనకు నిజంగానే తెలియలేదు.

"అన్నీ అసలుయే. నకిలీది ఎందుకు పాడుత?"

మూడు రోజులు రికార్డు చేసుకుని హార్డ్‌డిస్కులో పెట్టుకుని వాడు హైదరాబాద్ పోయాడు. ఆ మూడు రోజులూ కాక మధ్యాహ్నం పడుకోలేదు. కాకమ్మ మందులు చేతిలో పట్టుకుని నిలబడితే, "ఆగే, ఇంకో దరువు యాదికొచ్చింది" అనేవాడు. నలభై ఏళ్లుగా ఎవరూ అడగని దరువులు అవి.

నా మటుకు నేను సినిమా రావాలనే కోరుకుంటున్నాను. రాకపోతే ఆ దరువులు కాకతోనే పోతాయి. అయితే వస్తే జరిగేదేమిటో కూడా తెలుసు. ఐదింటిలో ఒకటి నిలుస్తుంది. బాగా ఆడితే ఊరూరా బతుకమ్మ దగ్గర, గణపతి దగ్గర మైకుల్లో అదే మోగుతుంది. రేపు ఏ పిల్లవాడైనా చావు ఇంటి ఊరిలో పాడే దరువు ఎత్తుకుంటే, "గట్ల కాదు, సినిమాల లెక్క పాడు" అనేవాళ్లు వస్తారు. వెనక నుంచి అరిచిన ఆ కాలేజీ పిల్లలకు మనవలు పుట్టారు మరి. ఇదే మాట అల్లుడితో అన్నాను. "మామా, సినిమాల ఒకటే పెడత. మిగిలినయి యూట్యూబ్‌ల పెడత" అన్నాడు. మంచి మాటే. ఎవరు వింటారో చూడాలి.

నిర్మాత ఒకాయన కథ విన్నాడట. నచ్చిందట. కాకపోతే పకీరుకు పేరున్న నటుడు కావాలి, బాలనాగమ్మకు ఇంకో పాట ఉండాలి, ఈ దరువు నాలుగు నిమిషాలు దాటొద్దు అన్నాడట. పాడటం మాత్రం తాతతోనే పాడిస్తానని మా అల్లుడు పట్టుబట్టాడు. ఆ ముచ్చట ఇంకా తెగలేదు.

ఈ సంగతి కాకకు ఎట్లా చెప్పాలా అని వారం రోజులు తిప్పలు పడ్డాను. మొన్న పొలం గట్టు మీద కలిస్తే మెల్లగా చెప్పాను. పేరున్న నటుడి మాటకు ఆయన ఏమీ అనలేదు. నాలుగు నిమిషాలు అనగానే ఆగిపోయాడు. వేళ్ల మీద తాళం వేసుకుంటూ నోట్లోనే ఏదో ఒకసారి పూర్తిగా పాడుకున్నాడు. మళ్లీ ఇంకోటి పాడుకున్నాడు.

"మొదటిజాముది పట్టది" అన్నాడు. "పోరనికి ఫోన్ జెయ్యి. వానమబ్బుది వెట్టుమను. అది ఉరుకుతది."